పొట్ట మీద గీతల కోసం కిడ్నీలు పణం పెట్టకండి

ఏప్రిల్ 15న వేట ఆగుతుంది. జూన్ 14 దాకా మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. తూర్పు తీరమంతటా 61 రోజుల నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవడానికి ఇచ్చిన ఆ గడువు మన నెల్లూరు తీరం కుర్రాళ్లకు ఇంకో గడువైపోతోంది. చేతినిండా ఖాళీ, చేతిలో ఫోను, ఫోనులో ‘అరవై రోజుల్లో సిక్స్ ప్యాక్’ అనే వీడియో. మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె, తూపిలిపాలెం, ఏ ఒడ్డున చూసినా ఇసుక మీదే వ్యాయామశాల. మొదటి రోజు వంద సిటప్స్. రెండో రోజు నూటయాభై. వారం తిరిగేసరికి ఐదొందలు. ఒక్క రోజు కూడా మానకూడదని పందెం. మానితే స్నేహితుల ముందు చిన్నతనం.

తమ్ముళ్లూ, ఈ లెక్క ఆపండి. కండ పెంచుకోవద్దని ఎవరూ అనడం లేదు. గుట్కా నమిలే వయసులో గుంజీలు తీస్తానంటే పెద్దవాళ్లుగా సంతోషిస్తాం. కానీ మీరు చేస్తున్న పద్ధతిలో కోరుకున్నది రాదు, కోరుకోనిది వస్తుంది. ఆ కోరుకోనిది ఏమిటో తెలిస్తే మీలో ఎవరూ ఈ పందెం కట్టరు.

ముందు అసలు మాట. పొట్ట కండరాలకు వారంలో రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు గట్టి కసరత్తు చాలు. రెండు కసరత్తుల మధ్య కనీసం 48 గంటల విరామం ఉండాలి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ లాంటి సంస్థలు ప్రతి పెద్ద కండరానికీ చెప్పే లెక్క ఇదే. చేతి కండకీ తొడ కండకీ సెలవు ఇచ్చేవాళ్లు పొట్ట దగ్గరికొచ్చేసరికి ‘దీనికి రోజూ చేయాలి’ అంటారు. ఎందుకో ఎవరూ చెప్పరు. పొట్ట కండరం కూడా కండరమే. కసరత్తులో అది అలుస్తుంది, సన్నగా చిట్లుతుంది. ఆ తర్వాత తిండి, నిద్ర, విశ్రాంతి దొరికినప్పుడు కోలుకుని బలపడుతుంది. రోజూ చితక్కొడితే కోలుకునే వ్యవధి ఎక్కడుంది?

తేలికపాటి కసరత్తు రోజూ చేయవచ్చా అంటే చేయవచ్చు. ఒక అర నిమిషం ప్లాంక్, కాస్త నడుము వంచి సాగదీయడం, ఇవి రోజూ చేసినా నష్టం లేదు. మర్నాడు నవ్వితే పొట్ట నొప్పి పుట్టేంత గట్టిగా చేసే కసరత్తు గురించే ఈ హెచ్చరిక. నొప్పి ఇంకా ఉండగానే మళ్లీ మొదలుపెట్టే మొండితనం గురించి.

గీతలు ఎందుకు కనపడవో కూడా తెలుసుకోండి. ఆ కండరం మీ అందరికీ పుట్టుకతోనే ఉంది. దాన్ని అడ్డంగా విడదీసే నరాల్లాంటి పట్టీలూ పుట్టుకతోనే ఉన్నాయి. అవి ఎన్ని, ఎక్కడ ఉంటాయి అనేది తల్లిదండ్రుల నుంచి వచ్చేది. కొందరికి నాలుగు గడులే కనపడతాయి, కొందరికి ఎనిమిది. ఎవరెన్ని సిటప్స్ చేసినా ఆ లెక్క మారదు. వాటిని కప్పేది చర్మం కింది కొవ్వు. దుప్పటి కింద పడుకున్నవాడు ఎంత కండ పెంచినా దుప్పటి పలచబడదు. పొట్టకు కసరత్తు చేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందని నమ్మించేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఈ నమ్మకాన్ని పరిశోధకులు ఎప్పుడో పరీక్షించారు. 1984లో అచ్చయిన ఒక అధ్యయనంలో 13 మంది మగవాళ్ల చేత 27 రోజుల్లో తలా 5,004 సిటప్స్ చేయించారు. పొట్ట, వీపు, పిరుదుల నుంచి కొవ్వు కణాలు తీసి కొలిచారు. పొట్ట దగ్గర ప్రత్యేకంగా తగ్గిందేమీ లేదు, మూడు చోట్లా ఒకే తీరు. 2011లో మరో అధ్యయనం వచ్చింది. 24 మందిలో కొందరు ఆరు వారాల పాటు, వారానికి ఐదు రోజులు పొట్ట కసరత్తులు మాత్రమే చేశారు. పొట్ట కండరాల ఓపిక పెరిగింది. పొట్ట కొవ్వు మాత్రం కదల్లేదు. ఐదు వేల నాలుగు! అంత చేసినా దొరకనిది పందెం కడితే దొరుకుతుందా?

ఇక భయపెట్టే మాట చెప్పాలి. చెప్పక తప్పదు.

అలవాటు లేని ఒంటిని ఒక్కసారిగా వందల సిటప్స్‌తో బాదితే కండరం చిట్లడం దగ్గర ఆగకపోవచ్చు. కండ కణాలు పగిలి, లోపలి సరుకంతా రక్తంలో కలుస్తుంది. వైద్యులు దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. కండలోంచి వచ్చిన మయోగ్లోబిన్ అనే పదార్థం కిడ్నీల గొట్టాల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. అదే కండలోంచి పొటాషియం కూడా రక్తంలోకి వస్తుంది. అది బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఇది అందరికీ వచ్చేది కాదు. కానీ రావడానికి కావలసిన దినుసులన్నీ మన తీరంలో మే నెలలో ఒక్కచోటే ఉంటాయి. కొత్త కసరత్తు, అతి లెక్క, ఎండ, నీళ్లు తాగకపోవడం, తోటివాడి ముందు తగ్గకూడదనే పంతం.

గుర్తులు వినండి, మీ ఇంట్లో కుర్రాడు ఉంటే చదివి వినిపించండి. కసరత్తు చేసిన ఒకటి నుంచి మూడు రోజుల లోపల పొట్ట కండరాలు మామూలు నొప్పిని మించి పోట్లు పెడతాయి. తాకితే వాపు, బిగుతు తెలుస్తాయి. మంచం మీద నుంచి లేవడానికి బలం చాలదు. మూత్రం టీ డికాక్షన్ రంగులోకో కోలా రంగులోకో మారుతుంది, లేదా బాగా తగ్గిపోతుంది. కొందరికి వాంతులు, గుండె దడ. ఈ గుర్తులన్నీ ఒకేసారి కనపడాలని లేదు. మూత్రం రంగు ఒక్కటి మారినా చాలు, ఆసుపత్రికి వెళ్లడానికి. క్రియాటిన్ కైనేజ్ అనే రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేస్తే తేలిపోతుంది. తొందరగా వెళ్తే చాలామందిని సెలైన్ ఎక్కించి కాపాడతారు. ఆలస్యమైతే డయాలసిస్ దాకా వెళ్లవచ్చు. ఉద్దానం కిడ్నీ జబ్బులు చూసిన రాష్ట్రం మనది. డయాలసిస్ అంటే ఒక ఇల్లు ఎలా కుంగిపోతుందో మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మన ఊళ్లలో జరిగే ఇంకో పొరపాటు ఉంది. ఒళ్లునొప్పులంటే మందుల షాపుకు వెళ్లి రెండు నొప్పి బిళ్లలు కొనుక్కోవడం. డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు, ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు, అసలే ఇబ్బందిలో ఉన్న కిడ్నీల మీద ఇంకో దెబ్బ. నొప్పి తగ్గిందని మర్నాడు మళ్లీ కసరత్తుకు దిగుతారు. ప్రమాదాన్ని చెప్పే నొప్పి, బిళ్లతో నోరు మూసుకుంటుంది. మందుల షాపు నడిపే అన్నలు కూడా దయచేసి ఒక మాట అడగండి: ‘మూత్రం ఏ రంగులో వస్తోంది నాయనా?’

మన ఎండ సంగతి వేరే చెప్పాలి. నెల్లూరు వేసవి 40 డిగ్రీలు దాటడం మామూలే. ఒడ్డున అంకె కాస్త తక్కువ చూపించినా మోసపోకండి. ఉక్కపోతలో చెమట కారుతుంది కానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. రోహిణి కార్తెలో ఉదయం తొమ్మిదింటికే గాలి ఉడుకెత్తి ఉంటుంది. అలాంటి గాలిలో నడుముకు చెమట బెల్టు, దాని కింద పాలిథిన్ కవరు చుట్టుకుని పరుగెత్తేవాళ్లున్నారు. ఆ బెల్టు తీశాక తగ్గేది నీరు. నాలుగు గ్లాసులు తాగితే తిరిగి వచ్చే నీరు. కొవ్వు అక్కడే ఉంటుంది. వడదెబ్బ తగిలితే మనిషే ఉండకపోవచ్చు. తలనొప్పి, మాట తడబడటం, అయోమయం కనపడితే ఇంక ఆలోచించకుండా నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, 108కి ఫోన్ చేయండి. వేసవిలో కసరత్తు చేయాలంటే తెల్లవారకముందో, పొద్దు వాలాకో చేయండి. గంజో, ఉప్పు వేసిన మజ్జిగో తాగి మొదలుపెట్టండి. మన అమ్మమ్మలు ఎండలోకి వెళ్లే మగవాళ్లకు అదే ఇచ్చి పంపేవారు.

నడుము గురించి కూడా కాస్త ఆగి చెప్పాలి. సిటప్ చేసిన ప్రతిసారీ వెన్ను ముందుకు వంగుతుంది, డిస్కుల మీద ఒత్తిడి పడుతుంది. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో వెన్నెముక మీద దశాబ్దాల పాటు పనిచేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ కొలిచి చెప్పిన లెక్క ప్రకారం ఒక్క సిటప్‌కి వెన్ను మీద సుమారు 3,300 న్యూటన్ల ఒత్తిడి. మన భాషలో దాదాపు 330 కిలోల బరువు. ఒకటి రెండు సార్లయితే ఆరోగ్యవంతమైన వెన్ను ఓర్చుకుంటుంది. రోజుకు ఐదొందల సార్లు, నెలల తరబడి? సిటప్స్‌కి పేరుపడ్డ అమెరికా సైన్యం 2020 అక్టోబరులో తెచ్చిన కొత్త దేహ పరీక్షలో వాటిని తీసేసింది. అక్కడి నౌకాదళం 2021లో ప్లాంక్‌కి మారింది, మెరైన్లు 2023లో. కదలకుండా నడుము నిటారుగా నిలబెట్టే కసరత్తే సైనికుడికి పనికొస్తుందని వాళ్లు తేల్చుకున్నారు. మనం మాత్రం వాళ్లు పారేసిన లెక్కను పందెంగా కడుతున్నాం.

వల లాగేవాళ్లకు, కృష్ణపట్నంలో మూటలు మోసేవాళ్లకు, రొయ్యల గుంటల దగ్గర మేత బస్తాలు ఎత్తేవాళ్లకు ఇంకో మాట. అలివి వల ఒడ్డుకు లాగుతున్నప్పుడు మీ పొట్ట, నడుము కండరాలు గంటల తరబడి పనిచేస్తాయి. ఏ జిమ్‌లోనూ అంత పని దొరకదు. అలా పనిచేసి వచ్చిన సాయంత్రం మళ్లీ వంద లెగ్ రెయిజులు చేస్తే బలం రాదు, అలసట మీద అలసట. మీకు వారానికి ఒకటి రెండు రోజులు, అదీ పని తక్కువున్న రోజుల్లో చాలు. రాత్రంతా ఏరియేటర్లు కాపలా కాసి తెల్లారి కసరత్తుకు వెళ్లే తమ్ముడు ఆ గంట నిద్రపోతే అతని కండకు ఎక్కువ మేలు.

బరువులెత్తే పనిలో ఉన్నవాళ్లకు హెర్నియా భయం కూడా ఉంది. మనవాళ్లు పేగు జారింది అంటారు. గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఉబ్బు, దగ్గితే పైకొచ్చి పడుకుంటే లోపలికి పోవడం దాని గుర్తు. ఆ ఉబ్బు ఉండగా ఊపిరి బిగబట్టి పొట్ట కసరత్తులు చేస్తే పెద్దదవుతుంది. ఒకరోజు లోపలికి పోకుండా చిక్కుకుంటే అది ప్రాణం మీదికొచ్చే అత్యవసరం. సిగ్గుపడి దాచుకోకండి. సర్జన్‌కి చూపించాకే కసరత్తు.

అమ్మాయిలకూ అమ్మలకూ చెప్పాల్సింది ఎక్కువే ఉంది, ఎందుకంటే వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. కాన్పు తర్వాత పొట్ట మధ్యలో కండరాలు ఎడంగా విడిపోవడం చాలామందిలో జరుగుతుంది. వెల్లకిలా పడుకుని తల కొద్దిగా ఎత్తినప్పుడు బొడ్డు పైన మధ్యలో గుబ్బలా లేస్తే, రెండు వేళ్ల కన్నా ఎక్కువ సందు తగిలితే, క్రంచెస్ మొదలుపెట్టకండి. ఆ సందు ఇంకా సాగవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి పది కాన్పుల్లో నాలుగు సిజేరియన్లే. కోత మానకముందే ‘పొట్ట తగ్గించే ముప్పై రోజులు’ అనే వీడియో పెట్టుకునే బాలింతలున్నారు. డాక్టరమ్మను అడగండి. ముందు ఊపిరితో పొట్టను మెల్లగా లోపలికి తీసుకునే సాధన, తర్వాత నడక, ఆ తర్వాతే తక్కినవి. ఇంకొకటి. ఆడవాళ్ల ఒంటికి మగవాళ్ల కన్నా ఎక్కువ కొవ్వు అవసరం. గీతలు కనపడాలని తిండి మాడ్చుకుంటే నెలసరి ఆగుతుంది, ఎముకలు పలచబడతాయి. నెలసరి తప్పడం వ్యాయామం ఫలితమని సంబరపడేవాళ్లకు చెబుతున్నాం, అది ఒళ్లు పెడుతున్న మొర.

ఈ మోజు ఎక్కడ మొదలైందో అందరికీ తెలుసు. 2007 సంక్రాంతికి ‘దేశముదురు’లో అల్లు అర్జున్ చొక్కా విప్పాక తెలుగు హీరోకి సిక్స్ ప్యాక్ తప్పనిసరి అయింది. 2012లో ‘పూలరంగడు’తో సునీల్ కూడా ఆ దారిలో నడిచాడు. వాళ్ల కష్టాన్ని తీసిపారేయలేం. కానీ వాళ్ల వెనుక ట్రైనరు, వంటమనిషి, డాక్టరు ఉంటారు. తెర మీద కనపడే ఒళ్లు ఆ షాటు కోసం తయారైన ఒళ్లు, ఏడాది పొడవునా అలా ఉండదు. దేహదారుఢ్య పోటీలకు దిగేవాళ్లు పోటీ ముందు ఉప్పు, నీళ్లు తగ్గించి చర్మం అతుక్కుపోయేలా చేస్తారు. ఆ ఒక్కరోజు ఫొటో చూసి మీరు మూడు నెలలు దాహంతో గడపకండి.

పొడుల డబ్బాలు, ఇంజెక్షన్లు ఈ ప్రమాదానికి రెండో అంచె. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, ఒళ్లు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దనే చెప్పింది. ఇంట్లో దొరికే తిండితోనే సరిపోతుంది. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. గట్టిగా కసరత్తు చేసేవాడికి కిలోకు 1.6 గ్రాముల దాకా ఉపయోగపడవచ్చు, అంటే తొంభై ఆరు. వంద గ్రాముల చేపలో దాదాపు ఇరవై గ్రాములుంటాయి. రొయ్యలోనూ అంతే. గుడ్డులో ఆరు. రొయ్యలు పండించే జిల్లాలో పుట్టి, మూడు వేలు పోసి డబ్బా కొనడమేమిటి నాయనా? డబ్బా అయినా నయం. రక్తపోటు పెంచే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్‌ని జిమ్ కుర్రాళ్లకు అమ్ముతున్నవాళ్లను హైదరాబాద్‌లో పోలీసులు ఒకటికి మించిన సార్లు పట్టుకున్నారు. అది ఆపరేషన్ బల్ల మీద పడిపోయిన రక్తపోటును లేపడానికి వాడే మందు. అలసట తెలియకుండా చేస్తుంది, గుండె మాత్రం లెక్క రాసుకుంటుంది. ‘స్పెషల్ ఇంజెక్షన్’ అని ఎవరైనా చెవిలో చెబితే ఆ జిమ్ గడప మళ్లీ తొక్కకండి. ఇంట్లో చెప్పండి.

ఇంత చెప్పాక కొందరు భయపడి కసరత్తే మానేస్తారేమో. అదీ ప్రమాదమే. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2022 ఫిబ్రవరి 21న మన ఆత్మకూరు ఎమ్మెల్యే, అప్పటి రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకే గుండెపోటుతో దూరమయ్యారు. ఇద్దరూ ఒళ్లు జాగ్రత్తగా చూసుకునేవారని పేరు. ఆ వార్తలు విని ‘కసరత్తు చేసేవాళ్లే పోతున్నారు’ అని బూట్లు మూలన పడేసినవాళ్లు ఎందరో. ఆ మరణాలను కసరత్తు ఖాతాలో వేయడం న్యాయం కాదు. వాటి నుంచి తీసుకోవలసింది వేరే ఉంది. ముప్పై అయిదు దాటినవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్లున్నవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు గట్టి కసరత్తుకు ముందు పరీక్ష చేయించుకోవాలి. ఛాతీ బిగుసుకున్నా, కళ్లు తిరిగినా ఆ క్షణమే ఆపాలి. మగవాళ్ల నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 దాటితే భారతీయుల ఒంటికి ముప్పు మొదలైనట్టే. గీతలు రాకపోయినా ఫరవాలేదు, ఆ టేపు లోపల ఉండండి.

మరి ఎలా చేయాలి? సోమవారం, గురువారం అనుకోండి. లేదా వారంలో మూడు రోజులు, రోజు విడిచి రోజు. ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు. మూడు కసరత్తులు చాలు. ప్లాంక్ ఇరవై ముప్పై సెకన్లు. పక్కకు తిరిగి మోచేతి మీద నిలబడే ప్లాంక్ రెండు వైపులా. వెల్లకిలా పడుకుని నడుము నేలకు అంటి ఉండగా ఎదురెదురు చెయ్యీ కాలూ మెల్లగా చాచడం. ఒక్కోటి రెండు మూడు సార్లు. తేలికైనప్పుడు లెక్క పెంచకండి, కష్టం పెంచండి. బార్‌కు వేలాడి మోకాళ్లు ఎత్తడం లాంటివి అప్పుడు. బలం పడేచోట ఊపిరి వదలండి, బిగబట్టకండి. స్క్వాట్లు, బరువులెత్తే కసరత్తులు చేసేవాళ్లకు వాటిలోనే నడుము పని సగం అయిపోతుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరిని ఎవరైనా గడులు లెక్కపెట్టి మెచ్చుకున్నారా?

కొవ్వు తగ్గాలంటే నడక, పరుగు, ఈత, పళ్లెంలో అన్నం కాస్త తగ్గించి కూర పెంచడం, ఏడెనిమిది గంటల నిద్ర. నెలలు పడుతుంది. అరవై రోజుల్లో కాలేదని దిగులు పడకండి.

కానిస్టేబుల్ ఉద్యోగానికి, అగ్నివీర్‌కి తయారవుతున్న పిల్లలు ఇది మనసులో పెట్టుకోవాలి. కానిస్టేబుల్ పరీక్షలో ఉన్నది 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్. అగ్నివీర్ ర్యాలీలో పరుగు, బీమ్ మీద పులప్స్, కాలువ దూకడం. పొట్ట గడులకు ఎక్కడా మార్కుల్లేవు. పందెం కట్టి నడుము పట్టేసుకుంటే ఏళ్ల కష్టం ఒక్క ఉదయంతో పోతుంది.

జిమ్ నడిపే అన్నలకు, స్కూలు పీఈటీలకు, గ్రామ పెద్దలకు మా విన్నపం. కొత్తగా వచ్చినవాడికి మొదటి రెండు వారాలు సగం పని కూడా ఇవ్వకండి. శిక్ష కింద వందల సిటప్స్ తీయించకండి. అద్దం పక్కన ఒక కాగితం అంటించండి. దాని మీద ఇంతే రాయండి: పొట్ట కసరత్తు వారానికి రెండు మూడు రోజులే. మూత్రం నల్లగా వస్తే నొప్పి బిళ్ల వేసుకోవద్దు, తెల్లారేదాకా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఫోన్ 108.